ఇంట్లో రెండు జతల బుక్‌షెల్ఫ్ స్పీకర్లను సరిగ్గా పోల్చుకోవడం ఎలా?

"రెండు జతలూ ఇంటికి తెచ్చి విన్నాను. నిన్న ఇది బాగుంది, ఇవాళ అది బాగుంది. ఏది ఉంచుకోవాలో తేలడం లేదు." పాఠకుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఇలా జరిగితే చెవులను అనుమానించక్కర్లేదు, విన్న పద్ధతిని సరిచేసుకుంటే చాలు. నిన్న ఒక జత కాస్త గట్టిగా మోగి ఉంటుంది. ఇవాళ రెండోది గోడకు దగ్గరగా జరిగి ఉంటుంది. నిన్న ఫ్యాన్ ఆపేశారు, ఇవాళ తిరుగుతోంది. ఇన్ని మారిపోతుంటే చెవి ఏం చెప్పగలదు?

కింద చెప్పేదంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: స్పీకరు తప్ప ఇంకేదీ మారకూడదు. సౌండ్ స్థాయి, పెట్టిన చోటు, పాట, కూర్చునే కుర్చీ అన్నీ ఒక్కటే ఉండాలి. ఒక రోజు తీరిక, సాయానికి ఒక మనిషి ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు. సౌలభ్యం కోసం ఒక జతకు ఎర్ర టేపు, ఇంకో జతకు నీలం టేపు అంటించామనుకుందాం.

1. తెచ్చే ముందు: బ్రోషర్‌లో చూడాల్సిన మూడు అంకెలు

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పీక్ వాట్లను వదిలేయండి. పనికొచ్చేవి ఈ మూడే.

సెన్సిటివిటీ: స్పీకరుకు 2.83 వోల్టులు ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ల శబ్దం వస్తుందో చెప్పే అంకె ఇది. ఒకటి 85, ఇంకోటి 88 అయితే, అదే శబ్దానికి మొదటిదానికి రెట్టింపు వాట్లు కావాలి. ఇక్కడో మెలిక ఉంది. స్పీకరు కరెంటుకు ఇచ్చే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. 2.83 వోల్టులంటే 8 ఓమ్ స్పీకరుకు 1 వాట్, 4 ఓమ్ స్పీకరుకు 2 వాట్లు. అందుకే 4 ఓమ్ స్పీకరు అంకె కాగితం మీద 3 డెసిబెల్లు ఎక్కువగా కనిపిస్తుంది. వాట్ల లెక్కన పోల్చాలంటే ఆ 3 తీసేసి చూడండి.

ఇంపిడెన్స్: పైన చెప్పిన ఓమ్‌ల అడ్డు పేరే ఇది. యాంప్లిఫయర్ వెనక ఎన్ని ఓమ్‌ల స్పీకర్లు కలపొచ్చో రాసి ఉంటుంది. 8 ఓమ్‌లకే తయారైన చిన్న యాంప్‌కు 4 ఓమ్ స్పీకర్లు తగిలించి పోలిస్తే, మీరు వినేది యాంప్ పడే ఇబ్బందిని.

బేస్ లోతు: స్పీకరు ఎంత లోతైన స్వరం దాకా దిగుతుందో హెర్ట్జ్‌లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ స్వరం లోతు. "45 హెర్ట్జ్ నుంచి" అని ఒకరు, "58 హెర్ట్జ్ నుంచి" అని ఇంకొకరు రాస్తారు. పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్లనో, మైనస్ 6 అనో, మైనస్ 10 అనో ఉందేమో చూడండి. ఆ హద్దు దగ్గర శబ్దం ఎంత తగ్గిపోయిందో చెప్పేది అదే. మైనస్ 10 దగ్గర కొలిచిన 45, ప్లస్ ఆర్ మైనస్ 3 దగ్గర కొలిచిన 58 కన్నా మెరుగని చెప్పలేం. పక్కన ఏమీ రాయకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

రెండు జతలూ ఒకే సమయంలో మీ ఇంట్లో ఉండాలి. ఒకటి షాపులో విని, ఇంకోటి ఇంట్లో విని పోలిస్తే తేలేది ఏమీ ఉండదు. శబ్దంలోని సూక్ష్మమైన తేడాలు మనకు కొన్ని సెకన్లే గుర్తుంటాయి. షాపులో హోమ్ డెమో ఇస్తారేమో అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో, పెట్టె తెరిచాక కూడా తీసుకుంటారో లేదో కొనే ముందే చదవండి.

సెకండ్ హ్యాండ్ జత అయితే వూఫర్, అంటే బేస్ మోగించే పెద్ద కోన్, అంచు చూడండి. రబ్బరు అంచు చాలా ఏళ్లు నిలుస్తుంది. ఫోమ్ అంచు వేడికీ తేమకూ పొడిపొడిగా రాలిపోతుంది, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో మరీ త్వరగా. వేలితో మెల్లగా తాకితే నల్లటి పొడి అంటుకుందంటే ఆ జతను పోలికకు పెట్టకండి.

2. సిద్ధం చేసుకోవాల్సిన సామాను

- ఒక యాంప్లిఫయర్, ఒక ల్యాప్‌టాప్ లేదా ప్లేయర్. రెంటి మధ్య వైరు ఉండాలి, బ్లూటూత్ వద్దు.
- రెండు జతలకూ ఒకే రకం, ఒకే పొడవు వైర్లు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం మల్టీ స్ట్రాండ్ రాగి వైరు, 5 మీటర్ల లోపు అయితే, చక్కగా సరిపోతుంది.
- స్టాండ్లు. లేకపోతే కదలని ఒకే ఎత్తు స్టూళ్లు.
- కొలత టేపు, నేల మీద గుర్తులకు రంగు టేపు.
- సౌండ్ మీటర్ యాప్ ఉన్న ఫోన్. ఐఫోన్‌కు అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చే ఉచిత యాప్ బాగుంటుంది.
- ల్యాప్‌టాప్‌లో అడాసిటీ, శబ్దాలను ఎడిట్ చేసే ప్రోగ్రాం. ఇదీ ఉచితమే.
- గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి.
- పల్చటి పాత చీర, కట్టడానికి తాడు.
- కాగితాలు, పెన్ను.
- సాయానికి ఒక మనిషి. సంగీతం మీద ఆసక్తి లేకపోయినా ఫర్వాలేదు, చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు.

3. గది సంగతి

మీరు రోజూ వినే గదిలోనే పోల్చండి. అమెరికాలో ఉన్న బంధువులు "ఈ స్పీకరు బేస్ అద్భుతం" అన్నారని అదే తెప్పించుకునేవాళ్లున్నారు. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు గోడలతో కట్టినవి. ఆ గోడలు కింది స్థాయి బేస్‌ను కొంత పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక, కాంక్రీటు గోడలు అలా వదలవు, బేస్ గదిలోనే తిరుగుతుంటుంది. అదే జత అక్కడ ఒద్దికగా, ఇక్కడ గుమ్ముగుమ్ముమంటూ వినిపించడానికి కారణం ఇదే.

చిన్న లెక్క చేయండి. గది పొడవును మీటర్లలోకి మార్చి, 343ను దాని రెట్టింపుతో భాగించండి. 12 అడుగులంటే 3.66 మీటర్లు, లెక్క 47 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్. ఆ స్వరాల దగ్గర మీ గది తనంతట తానే ఉబ్బుతుంది. 5 అంగుళాల వూఫర్లున్న చాలా జతలు 60 హెర్ట్జ్ కింద తగ్గిపోతాయి కాబట్టి ఆ ఉబ్బును పెద్దగా కదిలించవు. 45 వరకూ దిగే జత దాన్ని పూర్తిగా కదిలిస్తుంది. కాగితం మీద పై చేయి ఉన్న జత మీ గదిలో వెనకబడే అవకాశం ఉందని ముందే తెలిసుండాలి.

టైల్స్ నేల, ఖాళీ గోడలు, గాజు కిటికీలు ఉన్న హాల్లో పైస్థాయి శబ్దాలు గోడకూ గోడకూ కొట్టుకుంటాయి. గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. జింగుమని తోక వినిపిస్తే, స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద జంబుఖానా పరచండి, కర్టెన్లు దగ్గరికి లాగండి. ఒకసారి పరిచాక పోలిక పూర్తయ్యేదాకా తీయొద్దు.

ఫ్యాన్, ఏసీ ఆపేయండి. షోకేసు గాజు తలుపులు, గోడ మీద వేలాడే ఫ్రేములు బేస్‌కు చిటపటమంటాయి. మడత పెట్టిన కాగితం ఇరికిస్తే ఆగుతాయి.

4. స్పీకర్లను పెట్టడం

మీరు చివరికి ఎక్కడ పెట్టబోతున్నారో అక్కడే పోల్చండి. టీవీ యూనిట్ మీదే ఉండబోయే స్పీకర్లను స్టాండ్ల మీద గది మధ్యలో విని ఎంచుకుంటే ఆ ఎంపిక మీకు అక్కరకు రాదు. అరలో పెట్టేట్లయితే స్పీకరు ముఖం అర అంచుకు సమంగా ఉండాలి, లోపలికి తోయకూడదు.

స్టాండ్ల మీద పెట్టేవాళ్లకు ఈ క్రమం:

మీరు కూర్చున్నప్పుడు నేల నుంచి చెవి వరకు ఎత్తు కొలవండి. ట్వీటర్, అంటే పైస్థాయి శబ్దాలు మోగించే చిన్న భాగం, అదే ఎత్తులో ఉండాలి. రెండు జతల ఎత్తులు వేరైతే పొట్టిదాని కింద పలకలు పెట్టి సరిచేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ట్వీటర్ పైన, వూఫర్ కింద ఉండే స్పీకరుకు చెవి ఎత్తు మారితే, ఆ రెండూ పని పంచుకునే చోట శబ్దంలో పల్లం పడుతుంది. మా ఇంట్లో కింద కూర్చునే వింటాం అనేవాళ్లు కింద కూర్చునే కొలవండి. కెఫ్ కంపెనీ యూని క్యూ లాంటి డిజైన్లలో ట్వీటర్ వూఫర్ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ.

స్పీకర్ల మధ్య దూరం, ప్రతి స్పీకరు నుంచి మీ దాకా దూరం సమానంగా ఉంచండి. 6 నుంచి 8 అడుగులు చాలా గదులకు కుదురుతుంది.

వెనక గోడ నుంచి స్పీకరు ముఖం దాకా కొలవండి. గోడకు తగిలి తిరిగొచ్చిన బేస్, నేరుగా వచ్చిన బేస్ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోటు ఒకటుంటుంది. 343ను ఆ దూరానికి నాలుగింతలతో భాగిస్తే అది తెలుస్తుంది. 60 సెంటీమీటర్లకు సుమారు 143 హెర్ట్జ్, 1 మీటరుకు సుమారు 86 హెర్ట్జ్. మగ గొంతుకు ఆధారమైన స్వరాలు ఈ ప్రాంతంలోనే ఉంటాయి. ఒక జత వెనక 60, ఇంకో జత వెనక 90 సెంటీమీటర్లు ఉంటే "ఈ జతలో గొంతు పల్చగా ఉంది" అనిపిస్తుంది, తప్పు స్పీకరుది కాకపోయినా. స్పీకరు లోతులు వేరైనా ముఖాలు ఒకే గీత మీద ఉండాలి. పక్క గోడ దూరం, వెనక గోడ దూరం సమానం కాకుండా చూడండి, లేకపోతే రెండు పల్లాలు ఒకేచోట పడతాయి.

మీ కుర్చీ వెనక గోడకు ఆనకూడదు. గది పొడవులో సరిగ్గా సగం దగ్గరా వద్దు. గోడ దగ్గర బేస్ పోగుపడుతుంది, నడుమ దగ్గర కొంత మాయమవుతుంది.

అన్నీ కుదిరాక స్టాండు కాళ్లకూ కుర్చీ కాళ్లకూ నేల మీద టేపు గుర్తులు వేయండి. ఇక ముందు కంటి అంచనా పనికిరాదు, గుర్తుల మీదే పెట్టాలి.

5. వైర్లు, ప్లస్ మైనస్

వైరు మార్చే ప్రతిసారీ యాంప్ ఆపేయండి. ఊడిన రాగి తీగ ఒకటి పక్క టెర్మినల్‌కు తగిలినా యాంప్ అవుట్‌పుట్ పోవచ్చు. వైరు చివర బిగించే బనానా ప్లగ్గులు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఒక జతలో ఎడమది సరిగ్గా, కుడిది తలకిందులుగా కలిపితే బేస్ పల్చబడిపోతుంది, పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలవదు. వినేవాళ్లు ఆ జతను తీసి పక్కన పెట్టేస్తారు. దీన్ని సెల్‌తో తేల్చుకోవచ్చు. యాంప్ నుంచి వైర్లు విప్పి, స్పీకరు ఎర్ర టెర్మినల్‌కు వెళ్లే తీగను సెల్ ప్లస్‌కు, నల్లదాన్ని మైనస్‌కు క్షణం పాటు తాకించండి. వూఫర్ బయటికి గెంతుతుంది. జతలో రెండూ ఒకే వైపు గెంతాలి.

యాంప్‌లో స్పీకర్ ఏ, స్పీకర్ బీ అని రెండు సెట్ల టెర్మినళ్లుంటే ఎర్ర జతను ఏకి, నీలాన్ని బీకి కలపండి. ఏ ప్లస్ బీ నొక్కి రెండూ ఒకేసారి మోగించొద్దు. రెండు 4 ఓమ్ జతలు అలా కలిస్తే యాంప్‌కు 2 ఓమ్‌లే కనిపించొచ్చు. రెండు సెట్లు లేకపోతే సహాయకుడు వైర్లు మారుస్తాడు. ఆలస్యమవుతుంది కానీ పని జరుగుతుంది.

మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఆపి ఉన్నాయో లేదో చూడండి:

- యాంప్‌లో బేస్, ట్రెబుల్ నడిమికి, లౌడ్‌నెస్ బటన్ ఆఫ్
- సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే విడి స్పీకరు) ఆఫ్
- ల్యాప్‌టాప్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్లు, డాల్బీ అట్మాస్ ఆఫ్
- యాప్‌లో ఈక్వలైజర్ ఆఫ్

6. సౌండ్ స్థాయి సమానం చేయడం

ఈ ఒక్క మెట్టు మీద గంట పెట్టినా వృథా కాదు. ఒక జత ఇంకోదానికన్నా 1 డెసిబెల్ గట్టిగా మోగితే అది మనకు గట్టిగా ఉన్నట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది. గొంతు స్పష్టంగా, బేస్ నిండుగా, వాద్యాలు విడివిడిగా ఉన్నాయంటాం. కేవలం సెన్సిటివిటీ 3 డెసిబెల్లు ఎక్కువగా ఉన్న జతే, నాబ్ ముట్టుకోకుండా మార్చి వింటే, దాదాపు ప్రతిసారీ మార్కులు కొట్టేస్తుంది.

క్రమం ఇదీ:

ఒకటి. అడాసిటీలో జెనరేట్ మెనూలోంచి ఒక నిమిషం పింక్ నాయిస్ చేయండి. లోతైనవి నుంచి పైస్థాయి దాకా అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష శబ్దం ఇది, వర్షం శబ్దంలా ఉంటుంది. దానికి హై పాస్ ఫిల్టర్ 500 దగ్గర, లో పాస్ ఫిల్టర్ 2000 దగ్గర వేసి సేవ్ చేయండి. 500 హెర్ట్జ్ కిందవీ, 2000 పైనవీ తగ్గిపోతాయి. పూర్తి నాయిస్‌తో కొలిస్తే బేస్ ఎక్కువున్న జత మీటర్‌ను పైకి ఎక్కిస్తుంది, మనం దాన్ని అనవసరంగా తగ్గించేస్తాం. గొంతు ఉండే మధ్యస్థాయిలో సమానం చేస్తేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

రెండు. ఫోన్‌ను మీ చెవి ఉండే చోట కుర్చీకి కట్టండి. చేత్తో పట్టుకోవద్దు. మీరు పక్కకు జరిగి, ప్రతిసారీ అదే చోట నిలబడండి. మనిషి శరీరం కూడా కొలతను మారుస్తుంది.

మూడు. ఎర్ర జత ఎడమ స్పీకరు ఒక్కటే మోగించండి. మీటర్ సగటు 72 డెసిబెల్ల దగ్గరికి వచ్చేదాకా వాల్యూమ్ తిప్పి, 30 సెకన్ల సగటు రాసుకోండి. ఫోన్ చూపించే 72 నిజంగా 72 కాకపోవచ్చు. రెండు జతలకూ అదే తప్పు ఉంటుంది కాబట్టి తేడా మాత్రం సరిగ్గానే వస్తుంది.

నాలుగు. నాబ్ ముట్టుకోకుండా అదే చోట నీలం జత ఎడమ స్పీకరు మోగించండి. 74.6 వచ్చిందనుకుందాం. తేడా 2.6.

ఐదు. ఇక్కడ చాలామంది ప్రతిసారీ నాబ్ తిప్పి సరిచేయాలని చూస్తారు. అంకెలు లేని నాబ్‌తో అది అసాధ్యం. దానికి బదులు, పోలికకు ఎంచుకున్న ప్రతి పాటకూ అడాసిటీలో ఇంకో కాపీ చేయండి. ఆంప్లిఫై ఎఫెక్ట్‌లో మైనస్ 2.6 ఇచ్చి "నీలం" అని పేరు పెట్టి వేవ్ ఫైలుగా సేవ్ చేయండి. అసలు ఫైలు ఎర్ర జతకు, తగ్గించిన ఫైలు నీలం జతకు. ఎప్పుడూ గట్టిగా మోగేదాన్ని తగ్గించండి, రెండోదాన్ని పెంచితే పాట చీలిపోవచ్చు.

ఆరు. నాయిస్ ఫైలుకు కూడా అలాగే కాపీ చేసి మళ్లీ కొలవండి. తేడా 0.2 లోపు ఉండాలి. ఆ తర్వాత వాల్యూమ్ నాబ్ మీద టేపు అంటించేయండి, ఎవరూ తిప్పకుండా.

7. ఏం వినాలి

పాట మంచిదా కాదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, స్పీకరు లోపాన్ని బయటపెడుతుందా అన్నదే చూడాలి. మీకు కంఠస్థం వచ్చిన రికార్డింగుల్లోంచి 20, 30 సెకన్ల ముక్కలు ఐదారు కత్తిరించుకోండి. సీడీ లేదా నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లయితే మేలు.

- తక్కువ వాద్యాలతో ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు. స, శ, ష అక్షరాల దగ్గర బుస కొడుతోందా? గొంతు ఛాతీలోంచి వస్తోందా, డబ్బాలోంచా?
- తంబురా శ్రుతి ఒక్కటే. ఆగకుండా ఒకేలా సాగే నాదం కాబట్టి స్పీకరు తన రంగు కలిపితే దొరికిపోతుంది.
- తని ఆవర్తనం, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం. మృదంగం ఎడమ వైపు గుంకీ (లోతైన సాగే నాదం) సాగి ఆగుతోందా, లేక ప్రతి దెబ్బా ఒకే స్వరంలో బొమ్‌మంటోందా? ఘటం మీద వేలి దెబ్బ మట్టి శబ్దంలా ఉందా?
- నాదస్వరం. గట్టిగా ఊదినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా?
- నిండు ఆర్కెస్ట్రా ఉన్న సినిమా పాట. అన్నీ కలిసి మోగినప్పుడు ముద్దయిపోతోందా?
- పూర్తి పింక్ నాయిస్. వినడానికి ఏమీ ఉండదు, కానీ రెండు స్పీకర్ల మధ్య తేడాను ఇంతగా పట్టిచ్చేది ఇంకోటి లేదు.

వీటితో పాటు నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటి ఉంది. ఇంట్లో ఒకరిని డాబా మీదకు తీసుకెళ్లి, గోడలకు దూరంగా నిలబెట్టి, ఒక నిమిషం మాట్లాడించి రికార్డు చేయండి. గాలి లేని సమయం చూసుకోండి. తర్వాత ఆ మనిషినే స్పీకరు పక్కన నిలబెట్టి ఒక వాక్యం చెప్పించి, అదే వాక్యం స్పీకరులో వినండి. ఫోన్ మైకు గొప్పది కాకపోయినా రెండు జతలకూ అదే రికార్డింగు. రోజూ వినే గొంతు కాబట్టి ఏది దగ్గరగా ఉందో చెవి వెంటనే చెబుతుంది.

8. వినే క్రమం: ముందు మోనో, తర్వాత స్టీరియో

మోనోలో, అంటే ఒకే స్పీకరుతో మొదలుపెట్టండి. అడాసిటీలో ట్రాక్స్ మెనూలో మిక్స్ కింద స్టీరియోను మోనోగా మార్చే వీలుంది. స్టీరియో విశాలంగా ఉండి మనసును ఆకట్టుకుంటుంది, ఆ సందడిలో స్పీకరు లోపాలు దాక్కుంటాయి. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్లో, తర్వాత హర్మన్ కంపెనీలో ఏళ్ల తరబడి స్పీకర్ల మీద పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్ కూడా మోనోలో విన్నప్పుడే శ్రోతలు లోపాలను బాగా పట్టుకుంటారని తేల్చారు.

ఒక ముక్క ఎర్రలో, వెంటనే అదే ముక్క నీలంలో, మళ్లీ ఎర్రలో. ఇంకో ముక్కకు వెళ్లే ముందు రాసుకోండి. "బాగుంది" అని రాయొద్దు. "మగ గొంతు ముక్కుతో పాడినట్టుంది", "ఘటం పదునుగా ఉంది" అని రాయండి. గొంతు సహజత్వం, బేస్ పట్టు, పైస్థాయి కరుకుదనం, ఈ మూడింటికి 10కి మార్కులు వేస్తే చాలు.

రెండోది స్టీరియో. గొంతు నడిమధ్యలో నిలుస్తోందా? తల ఒక అడుగు పక్కకు జరిపితే ఏమవుతోంది? సోఫా చివర కూర్చుని వినండి, నిలబడి వినండి. ఇంట్లో అందరికీ నడిమి కుర్చీ దొరకదు కదా.

మూడోది తక్కువ సౌండ్. అపార్ట్‌మెంట్లలో రాత్రి పది దాటాక వినేది ఇదే. సౌండ్ తగ్గితే మన చెవికి బేస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది. 72 దగ్గర నిండుగా ఉన్న జత 55 దగ్గర పేలవంగా ఉండొచ్చు. మీరు ఎక్కువగా రాత్రిళ్లే వింటే ఈ మార్కులకే ఎక్కువ విలువ ఇవ్వండి. రోజూ ఫ్యాన్ వేసుకునే వింటారంటే ఇప్పుడు ఫ్యాన్ వేసి మరోసారి వినండి.

ఇరవై నిమిషాలకోసారి లేచి మంచినీళ్లు తాగి రండి. అలసిన చెవి రెండింటికీ ఒకే మార్కులు వేస్తుంది.

9. చీర అడ్డం కట్టి వినడం

ధర, కంపెనీ పేరు, చెక్క పాలిష్ అన్నీ మార్కుల్లో కలిసిపోతాయి. 1994లో ఫ్లాయిడ్ టూల్, ఆయన సహ పరిశోధకుడు షాన్ ఆలివ్ ఇదే పరీక్షించారు. స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు వేసిన మార్కులు, తెర వెనక ఉన్నవాటికి వేసిన మార్కులు ఒక్కటి కాలేదు. వినే అనుభవం ఉన్నవాళ్లూ దీనికి అతీతులు కారు.

స్పీకర్ల ముందు తాడు కట్టి చీర వేలాడదీయండి. చీరను నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. గాలి సులువుగా అవతలికి పోతే పనికొస్తుంది. షిఫాన్, జార్జెట్ బాగుంటాయి. దగ్గరి నేత పట్టుచీర పైస్థాయి శబ్దాలను ఆపేస్తుంది, వద్దు.

రెండు స్టాండ్లను పక్కపక్కన పెట్టి ఒకటో చోటు, రెండో చోటు అని పేరు పెట్టండి. మీరు గది బయట ఉండగా సహాయకుడు నాణెం ఎగరేసి, ఏ స్పీకరు ఏ చోట పెట్టాలో తేల్చుకుని రాసుకుంటాడు. మీరు లోపలికి వచ్చి రెండూ విని "ఒకటి" లేదా "రెండు" అంటారు. కారణం చెప్పక్కర్లేదు. ఇలా 8 సార్లు. ఏ జతకు ఏ ఫైలు వెయ్యాలో సహాయకుడే చూసుకోవాలి, స్క్రీను మీకు కనిపించకూడదు. అతను మీతో మాట్లాడకపోవడం మేలు.

స్పీకర్లు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి చోటు వల్ల కొంత తేడా ఉంటుంది. నాణెం దాన్ని రెండు జతలకూ పంచుతుంది.

10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

బేస్ అసలు లేదు: ముందు సెల్‌తో ప్లస్ మైనస్ చూడండి. అది సరిగ్గా ఉంటే కుర్చీని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి వినండి.

బేస్ మరీ ఎక్కువ: వెనక పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న జత గోడకు దగ్గరైతే ఇలా అవుతుంది. కొన్ని కంపెనీలు పోర్ట్‌లో పెట్టడానికి ఫోమ్ బిరడాలు ఇస్తాయి. లేకపోతే చుట్టిన మేజోడు పెట్టి చూడండి. అలా పెట్టే వింటానని మీరు నిశ్చయించుకుంటేనే ఆ స్థితిలో పోల్చాలి.

ప్రతిసారీ అభిప్రాయం మారుతోంది: సౌండ్ స్థాయి మళ్లీ కొలవండి. ఎక్కడో నాబ్ కదిలి ఉంటుంది, లేదా ఫైళ్లు తారుమారై ఉంటాయి.

కొత్త జత బిగుసుకుపోయినట్టుంది, ఇంకా వంద గంటలు మోగాలంటున్నారు: వూఫర్ కొద్దిగా వదులవడం నిజమే కానీ దాని ప్రభావం చిన్నది. రెండు జతలనూ ముందు రోజు నాలుగైదు గంటలు మోగనిచ్చి మొదలుపెట్టండి. ఆ తర్వాత వచ్చే మార్పులో ఎక్కువ భాగం మన చెవి అలవాటు పడటమే.

సౌండ్ పెంచితే గరగరమంటోంది: యాంప్ చేతులెత్తేస్తోంది. వెంటనే తగ్గించండి. అలాగే వదిలేస్తే ముందుగా పోయేది ట్వీటర్.

11. కాగితం చదివి తేల్చుకోవడం

చీర పరీక్ష ఫలితాన్ని రెండు విధాలుగా లెక్కపెట్టండి: ఏ జత ఎన్నిసార్లు గెలిచింది, ఏ చోటు ఎన్నిసార్లు గెలిచింది. 8కి 8 సార్లు ఒకే జత గెలిస్తే సందేహం అక్కర్లేదు. గుడ్డిగా చెప్పినా అలా జరిగే అవకాశం నూటికి 1 కన్నా తక్కువ. 7 గెలిస్తే అది నూటికి 7 దాకా ఉంటుంది, వీలుంటే ఇంకో 8 సార్లు వినండి. ఎప్పుడూ ఒకటో చోటే గెలుస్తుంటే మీరు విన్నది స్టాండు ఉన్న స్థలాన్ని. గోడ దూరాలు సరిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. 5, 3 లేదా 4, 4 వస్తే రెండు జతలూ మీకు సమానమే. ధర, సర్వీసు సెంటరు ఎంత దూరం, గదిలో ఎలా కనిపిస్తాయి అన్నవాటిని బట్టి ఎంచుకోండి.

మార్కులు అటూ ఇటూ చీలితే, అంటే ఒక జతకు గొంతులో, ఇంకోదానికి బేస్‌లో ఎక్కువ వస్తే, నేను గొంతు వైపే ఉంటాను. తగ్గిన బేస్‌కు గోడ దగ్గరికి జరపడం, తర్వాత ఎప్పుడైనా సబ్‌వూఫర్ కొనడం అనే దారులున్నాయి. ముక్కుతో పాడుతున్నట్టుండే స్పీకరును ఈక్వలైజర్ కూడా పూర్తిగా దారికి తేలేదు. పక్కలకు వెళ్లే శబ్దం వేరుగా, ఎదురుగా వచ్చేది వేరుగా ఉంటే, ఒకటి సరిచేసినప్పుడు ఇంకోటి చెడుతుంది.

గెలిచిన జతను వాపసు గడువులోనే మూడు నాలుగు రోజులు మామూలుగా, పాటలు మొదటి నుంచి చివరిదాకా, ఇంట్లో అందరితో కలిసి వినండి. గంట గడిచాక సౌండ్ తగ్గించాలనిపిస్తోందేమో గమనించండి. పోలికలో దొరకని కరుకుదనం ఇక్కడ బయటపడుతుంది.

రెండో జతను తిప్పి పంపే ముందు:

- రంగు టేపు తీసేసి, జిగురు మిగిలితే తడి గుడ్డతో తుడవండి
- వైర్ల టెర్మినళ్లు, మూతలు, బిరడాలు, రబ్బరు పాదాలు వచ్చినవన్నీ ఉన్నాయో లెక్క చూడండి
- నాలుగు వైపులా, వూఫర్ దగ్గరగా ఫొటోలు తీసి ఉంచుకోండి
- లోపలి థర్మోకోల్ వచ్చిన వైపే పెట్టి, పెట్టెను టేపుతో మూసేయండి
- గెలిచిన జత అట్టపెట్టె వారంటీ తీరేదాకా అటక మీద దాచండి